ఎగుమతిలో తిప్పి పంపిన రొయ్యలే మన బజారుకు వస్తున్నాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. సొంతూరు పాలకొల్లు దగ్గర, ఉంటున్నది హైదరాబాద్‌లో. యాంటీబయాటిక్స్ దొరికాయని విదేశాలు మన రొయ్యల కంటైనర్లను తిప్పి పంపుతున్నాయని పేపర్లో చదివారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక ఆ సరుకంతా ఇక్కడే అమ్మేస్తున్నారని ఎవరో చెప్పారు. చేపలకు ఫార్మాలిన్ (శవాలు పాడవకుండా వాడే రసాయనం) కొడుతున్నారని వీడియోలు చూసి మీ అమ్మగారు ఊళ్లో చేపలు కొనడమే మానేశారు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న ప్యాకెట్ అయితే నమ్మొచ్చా, లేక పిల్లలకు రొయ్యలు పెట్టడం మానేయాలా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. పిల్లలకు పెట్టండి, మానేయక్కర్లేదు. ఎగుమతి కోసం పెంచిన రొయ్య మన బజారుకు వస్తోందంటే నాకైతే సంతోషమే. మన దగ్గర లోటు వేరే చోట ఉంది. ఒకే చెరువులో పట్టిన రొయ్యకు విదేశీ కొనుగోలుదారుడు ప్రతి లాటుకూ కాగితం అడుగుతాడు, మన బజారులో ఎవరూ అడగరు. ప్యాకెట్ మీది నంబరు ఆ కాగితం చేసే పని చేయదు. ఈ రెండు విషయాలూ అర్థమైతే మీ టెన్షన్ సగం తగ్గుతుంది, మిగతా సగానికి ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

నేను భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్ల క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. మొదట ల్యాబ్‌లో, తర్వాత చెరువుల దగ్గర సరుకు చూసి తీసుకునే పనిలో. ఇప్పుడు ఎండు రొయ్యలు, పచ్చళ్లు, పూతరేకులు చేసే చిన్నవాళ్లకు లైసెన్సు, లేబుల్, శుభ్రత విషయాల్లో సాయం చేస్తున్నాను.

కంటైనర్ తిప్పి పంపారంటే ఏమైనట్టు?

రొయ్యల్లో ప్రధానంగా వెతికేవి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్స్. ఇవి మన దేశంలోనూ నిషేధమే. ఐరోపా సమాఖ్య 2022 చివరి నుంచి కిలోకు 0.5 మైక్రోగ్రాముల నైట్రోఫ్యూరాన్ అవశేషం కనబడినా సరుకు వద్దంటోంది. క్లోరాంఫెనికాల్‌కు ఆ గీత ఇంకా కింద, 0.15 దగ్గర ఉంది. కిలోకు అర మైక్రోగ్రాము అంటే రెండు వేల టన్నుల రొయ్యల్లో ఒక్క గ్రాము. ఇంత చిన్న జాడను కూడా ఇప్పటి యంత్రాలు పట్టేస్తాయి. కాబట్టి 'ఫెయిల్' అన్న మాట విని, ఆ రొయ్య తిన్నవాడు ఆస్పత్రి పాలవుతాడని అనుకోకండి.

అలాగని ఆ నిషేధం అతి అని నేను అనను. క్లోరాంఫెనికాల్ అరుదుగా కొందరికి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఎంత మోతాదు వరకు ఫర్వాలేదో ఎవరూ చెప్పలేరు, అందుకే పూర్తిగా వద్దన్నారు. నైట్రోఫ్యూరాన్ అవశేషాలు కండకు అంటుకుని ఉంటాయి, వేపుడు చేసినా ఇగురు చేసినా పోవు. అన్నిటికంటే పెద్ద నష్టం చెరువు నీళ్లలో జరుగుతుంది. మందుకు లొంగని బ్యాక్టీరియా అక్కడ తయారై, కాలవల్లోకి, మనుషుల్లోకి వస్తుంది. రొయ్య తినని వాళ్లకు కూడా ఆ ప్రమాదం ఉంది.

ఇక తిరిగొచ్చిన కంటైనర్ల సంగతి. అమెరికాలో తిరస్కరించిన సరుకును గడువులోగా ఆ దేశం బయటకు పంపాలి, లేదంటే నాశనం చేయాలి. బయటకు పంపినదాన్ని కంపెనీ వేరే దేశానికి మళ్లించవచ్చు, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏది చేసినా అది తల తీసి, చాలావరకు ఒలిచి, గడ్డకట్టించి, ప్లాంట్ కోడ్ ముద్రించిన పెట్టెల్లో పెట్టిన సరుకు. మీ అమ్మగారు పాలకొల్లు బజారులో కొనేది తలతో ఉన్న పచ్చి రొయ్య. ఒకటి ఇంకొకటిగా మారదు. మీకు అనుమానం రావాల్సిందల్లా లేబుల్ లేకుండా, ఒలిచి, కరిగిన ఐసు నీళ్లలో తేలుతూ అమ్మే రొయ్య దగ్గరే.

సుంకం మాటకొస్తే, అమెరికా కొనుగోళ్లు తగ్గినప్పుడు ఇక్కడ ధర పడింది, రైతు నష్టపోయాడు. సరుకు చెడిపోవడం వల్ల ధర తగ్గలేదు. అదే చెరువు, అదే మేత, అదే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క).

చెరువులోకి మందు ఎందుకు వస్తుంది?

తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. ఈ సంగతి రైతులకు తెలుసు. కానీ ఎకరాకు లక్షలు పెట్టి, లీజు కట్టి, రాత్రిళ్లు నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు మధ్య గట్టు మీద పడుకునే మనిషికి, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలిపోయి కనిపించిన రోజున ఎవరు ఏ డబ్బా ఇచ్చినా పోయాలనిపిస్తుంది. నేను అలాంటివాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను విషం కలిపేవాళ్లన్నట్టు రాస్తుంటే బాధేస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. నరసాపురం వైపు ఒక రైతు చెరువు నుంచి తెచ్చిన శాంపిల్లో నైట్రోఫ్యూరాన్ అవశేషం వచ్చింది. ఆయన ఏ మందూ వాడలేదని గట్టిగా చెప్పాడు. నేను నమ్మి, ఆయన షెడ్డులో ఉన్న ప్రతి సంచి నుంచీ కొంచెం తీసి పరీక్షకు పెట్టించాను. పేరులో 'ప్రోబయోటిక్' అని ఉన్న ఒక పొడిలో అది దొరికింది. లేబుల్ మీద నైట్రోఫ్యూరాన్ అన్న మాట ఎక్కడా లేదు. ఆ పొడి ఆపేసి, నీళ్లు మార్చి, కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించాక సరుకు పాసైంది. ఆ ఆగిన వారాల మేత ఖర్చు, కరెంటు బిల్లు ఆ రైతే భరించాడు. సంచి అమ్మినవాడికి ఏమీ కాలేదు. నా అభిప్రాయంలో నియంత్రణ మొదలవ్వాల్సింది ఆ మందుల దుకాణం దగ్గర.

సాంకేతికంగా ఒక చిన్న మాట. మంచినీళ్లలో పెరిగే నీలకంఠ రొయ్య పెంకులో సెమీకార్బజైడ్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది, అదే నైట్రోఫ్యూరాన్ జాడగానూ లెక్కకొస్తుంది. పెంకుతో కలిపి పరీక్ష చేస్తే అమాయకుడు దోషి అవుతాడు. అందుకే పెంకు తీసిన కండనే పరీక్షించాలి.

ఒకే గట్టు, రెండు దారులు

యూరప్‌కు వెళ్లే రొయ్య దారి ఇలా ఉంటుంది. చెరువును ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) దగ్గర నమోదు చేస్తారు. పట్టుబడికి ముందు శాంపిల్ తీసి మందుల జాడ పట్టే ఎలైసా ల్యాబ్‌లో పరీక్షిస్తారు, పాసైతే ఆ చెరువు పేరు మీద సర్టిఫికెట్ వస్తుంది. సరుకు ప్లాంటుకు చేరాక మళ్లీ పరీక్ష, లాటు నంబరు. రేవు దాటాక అవతలి దేశంవాళ్లు ఇంకోసారి చూస్తారు. మన సరుకులో 2016 నుంచి ప్రతి రెండు కన్‌సైన్‌మెంట్లలో ఒకటి అక్కడ పరీక్షకు వెళ్లాలని ఐరోపా సమాఖ్య నిర్ణయించింది. ఎక్కడ ఏది తేడా వచ్చినా వెనక్కి నడుచుకుంటూ చెరువు గట్టు దాకా రావచ్చు.

అదే గట్టు మీద ఇంకో బండి ఆగుతుంది. కమీషన్ ఏజెంటు తూకం వేయించి, ఐసు కొట్టి, పెట్టెల్లో సర్ది ఊళ్ల మీదకు పంపేస్తాడు. అందులో ఐదు చెరువుల రొయ్య కలిసి ఉండొచ్చు. రాత్రికి ఏది ఎవరిదో ఆయనకే గుర్తుండదు.

మరి ప్రభుత్వం ఏం చేస్తోందని అడుగుతారు. 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1954 కల్తీ నిరోధక చట్టం స్థానంలో వచ్చిన చట్టమిది. ఇందులో 21వ సెక్షన్ ఆహారంలో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటకూడదని చెబుతుంది. కానీ 18వ సెక్షన్‌లో మూడో ఉపవిభాగం చూడండి. రైతుకు, మత్స్యకారుడికి, ఆక్వా సాగుకు పొలం స్థాయిలో ఈ చట్టం వర్తించదు. అంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అధికారం చెరువు గట్టు దగ్గర ఆగిపోతుంది. గట్టు లోపల మత్స్యశాఖ, తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చూడాలి. మేత, సీడ్, సాగు లైసెన్సుల కోసం ఆంధ్రప్రదేశ్ 2020లో ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. గట్టు బయట ఫుడ్ సేఫ్టీ వాళ్లు చూడాలి. సరుకు చేతులు మారేది సరిగ్గా ఆ గట్టు మీదే, అక్కడ ఇద్దరిలో ఎవరూ ఉండరు.

చిన్న రైతును లైసెన్సుల భారం నుంచి కాపాడడానికి పెట్టిన మినహాయింపు అది. దాన్ని తీసేయమని నేను అడగను. ఆ గట్టు మీద తూకం చీటీతో పాటు చెరువు పేరు, పట్టిన తేదీ రాసిన చీటీ ఒకటి దేశీయ సరుకుకూ తప్పనిసరి చేస్తే చాలు. ఎగుమతికి ఆ అలవాటు ఎప్పటినుంచో ఉంది, కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

బజారులో శాంపిల్ తీసినా పచ్చి సరుకుతో ఇబ్బంది ఉంది. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు, ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది, నివేదికకు చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. నూనె డబ్బాకో కారం ప్యాకెట్‌కో ఇది సరిపోతుంది. పొద్దున అమ్మిన రొయ్య మధ్యాహ్నానికే ఇగురైపోతుంది. అధికారులు పనిచేయడం లేదని తిట్టేవాళ్లు ఈ ఇబ్బందిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఫార్మాలిన్ భయం

ఇది ఊరికే పుట్టలేదు. 2018లో కేరళ చెక్‌పోస్టుల దగ్గర ఫార్మాలిన్ చేపలు దొరికాయి. అదే ఏడాది జులైలో అస్సాం ప్రభుత్వం మన ఆంధ్ర చేపలను కొన్నాళ్లు నిషేధించింది. కొల్లేరు, ఆకివీడు, భీమవరం నుంచి అక్కడికి లారీలో రోజుల ప్రయాణం. దారిలో ఐసు కరిగితే సరుకు పోతుంది కాబట్టి ఎవరైనా అడ్డదారి తొక్కితే అంత దూరం వెళ్లే బండిలోనే తొక్కుతారు. పాలకొల్లులో తెల్లవారుజామున పట్టిన బొచ్చె చేప పది గంటలకల్లా అమ్ముడైపోతుంది. దానికి ఫార్మాలిన్ ఖర్చు ఎందుకు పెడతారు? మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి.

ఇంకోటి, సముద్రపు చేపల్లో నిల్వ ఉన్నకొద్దీ ఫార్మాల్డిహైడ్ (ఫార్మాలిన్‌లో ఉండేది ఇదే) సహజంగానే కొంత పుడుతుంది. అందుకే చేపల రకాన్నిబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిమితులు పెట్టింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన కిట్లతో నిమిషాల్లో తెలుసుకోవచ్చు. రంగు కొద్దిగా మారగానే వీడియో తీసి పెట్టేయడం మాత్రం న్యాయం కాదు. కలపడం నేరమే, కనిపించిన ప్రతి జాడా కలిపినది మాత్రం కాదు.

చేపల వల్ల ఇంట్లో వాళ్లకు నిజంగా జబ్బు చేసిన సందర్భాలు నేను చూసినవాటిలో దాదాపు అన్నీ ఐసు దగ్గర జరిగిన లోపాలే. కానాగంతలు, సూర చేప లాంటివి ఎండలో కొన్ని గంటలుంటే హిస్టమిన్ తయారవుతుంది. ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. వండినా అది పోదు. మురికి నీళ్లతో చేసిన ఐసయితే ఇంకో రకం బాధ. ఫార్మాలిన్ గురించి అడిగేవాళ్లు వందమంది ఉంటే 'ఈ ఐసు ఏ నీళ్లతో చేశారు' అని అడిగేవాళ్లు ఒక్కరు కూడా కనబడరు.

నేను కొనేటప్పుడు చూసేవి

తల గట్టిగా అంటిపెట్టుకుని ఉండాలి, ఊగుతూ వేలాడితే వద్దు. పెంకు మెరవాలి. నల్లమచ్చలు పడితే కాలం గడిచిందని అర్థం, విషమని కాదు. నల్లబడకుండా కొందరు మెటాబైసల్ఫైట్ అనే సల్ఫైట్ రసాయనం కలిపిన నీళ్లలో ముంచుతారు. పచ్చి రొయ్య కండలో సల్ఫైట్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు. ఆ లోపు ఉంటే మామూలువాళ్లకు ఫర్వాలేదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మాత్రం మరీ తెల్లగా, అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వాసనతో ఉన్న రొయ్య తీసుకోవద్దు. చేపకు మొప్పలు, కళ్లు మీ అమ్మగారికి నేనేం చెప్పాలి, ఆవిడ నాకే నేర్పుతారు. ఒకటి మాత్రం చెప్పండి: ఈగలు వాలకుండా, జిగురు లేకుండా, కర్రలా బిగుసుకుని, నీచు వాసనే లేని చేప ఉంటే అక్కడే ఫార్మాలిన్ అనుమానం రావాలి, పక్కనున్న దుకాణానికి వెళ్లమనండి.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడిదో అడగాలి. వరదకు ఎర్రనీరు రాగానే మనవాళ్లు పులస కోసం ఎన్ని ప్రశ్నలు వేస్తారో మీకు తెలుసు. గోదారిదా, ఒడిశా నుంచి ఐసులో వచ్చిన విలసా (అదే జాతి చేప, పులసంత రుచి ఉండదంటారు)? ఏ రేవులో పట్టారు, ఎప్పుడు పట్టారు, ఎవరి వలలో పడింది? యానాం గట్టున అమ్మే ఆవిడ వీటన్నిటికీ ఓపిగ్గా జవాబు చెబుతుంది, ఎందుకంటే ఆ జవాబుకే డబ్బులు. వారం వారం తినే రొయ్యకు మనం కౌంటు, ధర తప్ప ఏమీ అడగం. అడిగేవాడు లేని చోట చెప్పేవాడు ఎందుకుంటాడండీ?

ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఏం చెబుతుంది?

ఆ 14 అంకెల్లో మొదటిది 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. నంబరును ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుల సైట్ ఫోస్కాస్‌లో కొడితే ఎవరి పేరు, ఏ చిరునామా, అది ఇంకా చెల్లుతోందా అన్నవి వస్తాయి. తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది, దాని విలువ అదే. మీ చేతిలో ఉన్న ప్యాకెట్‌ను ఎవరో పరీక్షించారని దానర్థం కాదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా అంతే. అది ఊరి పేరును కాపాడుతుంది, నెయ్యి అసలుదా కాదా అన్నది వేరే పరీక్ష.

పేపర్లో 'శాంపిళ్లు ఫెయిల్' అని చదివినప్పుడు మూడింటిలో ఏదో చూడండి. ప్రాణానికి ముప్పు ఉన్నది 'అన్‌సేఫ్', అది కోర్టుకు వెళ్తుంది, జైలు శిక్ష ఉంటుంది. నాణ్యత తగ్గింది 'సబ్‌స్టాండర్డ్', జరిమానా 5 లక్షల వరకు. లేబుల్ తప్పు 'మిస్‌బ్రాండెడ్', 3 లక్షల వరకు. ఈ రెండూ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ముందే తేలతాయి. తయారీ తేదీ సరిగా ముద్రించని పచ్చడి సీసానూ, విషపదార్థమున్న కారాన్నీ ఒకే 'ఫెయిల్' కింద లెక్క కడితే జనానికి భయం తప్ప సమాచారం అందదు.

ఇలాంటి భయం మన డెల్టాలో బియ్యానికే పట్టింది. 2017లో ప్లాస్టిక్ బియ్యం అన్నారు, అన్నం ముద్ద బంతిలా ఎగిరిందని వీడియోలు తిరిగాయి. పిండిపదార్థం జిగురు వల్ల ఏ అన్నమైనా అలా ఎగురుతుంది. తర్వాత రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వస్తే వాటినీ ప్లాస్టిక్ అని ఏరి పారేశారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ల కోసం కలిపిన గింజలవి. ముందే ఇంటింటికీ చెప్పి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు.

మీకు నిజంగా అనుమానం వస్తే, ఆ చట్టంలోనే 40వ సెక్షన్ ఉంది. కొనుగోలుదారుడు తానే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుడికి చెప్పాలి. తప్పు తేలితే ఫీజు వెనక్కి ఇస్తారు. మన జిల్లాల్లో అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ ఆఫీసులో అడిగితే పద్ధతి చెబుతారు. ఇంటికి తెచ్చి వండాక నోరు చేదైందని వెళ్తే వాళ్లూ ఏం చేయలేరు, అందుకే బిల్లు, ప్యాకెట్, తేదీ దాచుకోండి.

హైదరాబాద్‌లో మీకు ఫ్రోజెన్ ప్యాకెట్లే దిక్కయితే, ప్లాంట్ పేరు, ప్యాక్ చేసిన తేదీ, ఐసుపూత తీసేశాక ఉండే నికర బరువు రాసి ఉన్నదే కొనండి. లోపల ఐసు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద గడ్డలా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు.

అంతకంటే మంచి దారి ఒకటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో కొన్ని కుటుంబాలు కలిసి ఊళ్లో తెలిసిన రైతు దగ్గర పట్టుబడి రోజున నేరుగా తెప్పించుకోండి. యూరప్ ఎగుమతికి ఇచ్చే చెరువైతే పట్టుబడికి ముందు చేయించిన ల్యాబ్ కాగితం ఆయన దగ్గర ఉంటుంది. ఫోటో తీసి పంపమని అడగండి, మొహమాటపడకండి. అందులో చెరువు నమోదు నంబరు, శాంపిల్ తీసిన తేదీ, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఫలితాలు చూడండి. అర్థం కాకపోతే పేర్లు, నంబర్లు చెరిపేసి ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.